పి పదహారు గారి బదిలీ

ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను గుమస్తాలను బదిలీ చేశాను, బీరువాలను బదిలీ చేశాను, ఒకసారి తొందరలో అప్పటికే కాలం చేసిన వాచ్‌మన్‌ను కూడా బదిలీ చేశాను. కొత్త చోట చేరలేదని అతనికి మూడు మెమోలు ఇచ్చాం. కానీ ఒక ప్రొటీన్‌ను బదిలీ చేసిన సీనియర్ అసిస్టెంటు మాత్రం నాకు తెలిసినంతలో నేనొక్కణ్నే. ఆ ఫైలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. ఎవరైనా నమ్మకపోతే ఆఫీసు వేళల్లో వచ్చి చూసుకోవచ్చు.

నా పేరు గురవయ్య. మా జిల్లా కేంద్రంలో ఎరువుల గోడౌన్ మీద మూడు గదుల్లో సమతుల్య సాధన ప్రత్యేకాధికారి కార్యాలయం ఉండేది. పేరు పెద్దది గాని పని చిన్నదే. ఎక్కడ ఏది ఎక్కువగా ఉందో కనిపెట్టాలి, అది ఎక్కడ తక్కువగా ఉందో అక్కడికి పంపాలి. మొదట్లో అంతా బుద్ధిగానే సాగింది. పిల్లలు లేని బడిలో ముగ్గురు పంతుళ్లుంటే ఇద్దర్ని పిల్లలున్న బడికి పంపాం. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడమే పొరపాటైంది. ఆ తర్వాత మాకు ఎక్కడ చూసినా మిగులే కనిపించసాగింది. పశువుల ఆసుపత్రిలో రెండు బరువు యంత్రాలున్నాయని ఒకటి తీసుకెళ్లి కాన్పుల వార్డులో పెట్టించాం. అది యాభై కిలోల లోపు బరువు చూపించదు. ఆ నెల మా జిల్లాలో పుట్టిన పిల్లలందరి బరువూ సున్నా అని రికార్డులో పడింది. పై అధికారులు చూసి, సున్నాకు తగ్గకుండా చూసుకోమని రాశారు.

మా ప్రత్యేకాధికారి విరూపాక్షరావు గారు. మనిషి మంచివాడే. ఆయనకు ఉన్నది ఒక్కటే భయం, వీడియో సమీక్షలో నిలబడటం. మూడు నెలలకోసారి పోర్టల్‌లో 'గుర్తించిన మిగులు' అన్న గడి నింపాలి. ఆ గడి సున్నాను ఒప్పుకోదు. సున్నా కొడితే జిల్లా మొత్తం ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ జిల్లా అధికారి సమీక్ష అయ్యేదాకా తెర ముందు నిలబడి ఉండాలి.

మార్చి ఇరవై ఏడో తారీఖు వచ్చేసరికి మా జిల్లాలో మిగులన్నదే లేకుండా పోయింది. అంత బాగా పనిచేశాం మరి.

"వెతకవయ్యా గురవయ్యా," అన్నారు విరూపాక్షరావు గారు, నుదురు తుడుచుకుంటూ. "పన్నెండు లక్షల జనాభా ఉన్న జిల్లాలో అవసరానికి మించినది ఒక్కటీ లేదంటే పైవాళ్లు నమ్ముతారా?"

"దోమలున్నాయి సార్."

"దోమలకు లోటున్న మండలం చూపించగలవా?"

చూపించలేకపోయాను. మన ఆఫీసులోనే ఎవరైనా మిగులున్నారేమో అని ఆయన తలెత్తి చూశారు. గదిలో ఉన్న అయిదుగురం ఒకేసారి ఫైళ్లలోకి వంగాం.

అదిగో, ఆ సమయంలో వచ్చిందా టపా. జిల్లా ఆసుపత్రి ల్యాబు నుంచి నెలవారీ నివేదిక. అన్ని శాఖల నివేదికలూ మాకొక నకలు రావాలని మేమే ఉత్తర్వు వేయించుకున్నాం గాని, అప్పటిదాకా ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఆ రోజు ఆయన చదివారు. రెండో పేజీలో ఉందది. 'గర్భాశయ ముఖద్వార పరీక్షలు. పి పదహారు ప్రొటీన్ ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువ. ముప్ఫై ఏడు మంది.'

"గురవయ్యా," అన్నారాయన. "ఉండవలసిన దానికన్నా ఎక్కువ అని రాతపూర్వకంగా ఒప్పుకున్నారయ్యా!"

మర్నాడు పొద్దున్నే ల్యాబు డాక్టరు ఎస్తేరు రాణి గారిని పిలిపించాం. పదిహేనేళ్లుగా సూక్ష్మదర్శిని మీద వంగి వంగి ఆవిడ మెడ కొంచెం ముందుకు వచ్చేసింది. మాట మాత్రం ఎప్పుడూ వంగలేదు.

"ముందుగా అభినందనలు డాక్టర్ గారూ," అన్నారు విరూపాక్షరావు గారు. "తమరి పరిధిలో గణనీయమైన మిగులు వెలుగులోకి వచ్చింది."

"మిగులు కాదు సార్, అది జబ్బు జాడ," అందావిడ. "గర్భసంచి ముఖద్వారంలో ఒక వైరస్ చేరుతుంది. చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా తిష్ఠ వేసి, కణం పెరుగుదలను ఆపే బ్రేకును పాడుచేస్తుంది. పాపం ఆ కణం ఇంకో బ్రేకు తొక్కుతుంది. ఆ రెండో బ్రేకే పి పదహారు. ఎంత తొక్కినా బండి ఆగదు, అందుకని ఆ ప్రొటీన్ కుప్పలుగా పేరుకుంటుంది. మేం మందు వేస్తే గోధుమరంగులో కనిపిస్తుంది. కనిపించిందంటే లోపల వైరస్ పెత్తనం మొదలైందన్నమాట. ఈ ముప్ఫై ఏడు మందికీ ఇంకా క్యాన్సర్ రాలేదు. దానికి ముందు మెట్టు మీద ఉన్నారు. ఇప్పుడా కాస్త భాగం తీసేస్తే సరిపోతుంది. వదిలేస్తే కొందరికి ముదురుతుంది. ఎవరికో ముందే చెప్పలేం. అందుకే మూడు నెలల్లోపు అందరికీ తీసేయమని పెద్దాసుపత్రికి చీటీలు రాశాను."

విరూపాక్షరావు గారు కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"విపులంగా సెలవిచ్చారు. నాకు రెండే సందేహాలు. అది ప్రొటీనా, కాదా?"

"ప్రొటీనే."

"ఎక్కువ ఉందా, లేదా?"

"ఉంది. కానీ..."

"ఇక సందేహం లేదు. నాలుగు మండలాల్లో పిల్లలకు ప్రొటీన్ లోటుందని అంగన్‌వాడీ వారు ఏడాదిగా మొత్తుకుంటున్నారు. తమరేమో ముప్ఫై ఏడు మందిలో గుట్టలుగా పోగేసి నాకు చెప్పనే లేదు!"

"సార్, అది తినే ప్రొటీన్ కాదు!"

"తినడం, తినకపోవడం క్షేత్రస్థాయి అంశం. మన బాధ్యత బదిలీ వరకే."

ఆవిడ నావైపు చూసింది. ఈ గదిలో బుర్ర ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని వెతికే చూపు అది. నేను కలం మూత బిగించుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ప్రొసీడింగ్స్ రాశాను. నా నోటితో నేను చెప్పుకోకూడదు గాని, బాగా కుదిరింది. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, జిల్లా ఆసుపత్రి పరిధిలోని ముప్ఫై ఏడుగురు మహిళల యందు మంజూరైన పరిమాణమునకు మించి కొనసాగుచున్న పి పదహారు అను ప్రొటీన్‌ను మిగులుగా ప్రకటించి, లోటు మండలములకు సర్దుబాటు చేయుటకు నిర్ణయించడమైనది.' పోర్టల్‌లో ముప్ఫై ఏడు అని కొట్టగానే జిల్లా పచ్చబడింది. సమీక్షలో విరూపాక్షరావు గారిని కూర్చోబెట్టడమే కాదు, 'అణుస్థాయిలో సమతుల్యత' అన్న అంశం మీద ఏడు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన పదకొండు నిమిషాలు మాట్లాడారు.

చిక్కంతా పదకొండో నిబంధనతో వచ్చింది. మిగులుగా ప్రకటించినది బదిలీ అయ్యేదాకా ఉన్నచోటే, ఉన్నట్టే ఉండాలి. ఒక బడిలో మిగులు బెంచీలు ప్రకటించిన వారంలోనే వంటచెరకు అయిపోయాయని పెట్టిన నిబంధన అది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ప్రభుత్వం గుర్తించిన మిగులును ధ్వంసం చేసినట్టవుతుంది. అందుచేత డాక్టరు గారు రాసిన ముప్ఫై ఏడు చీటీలనూ ఆసుపత్రి నుంచి తెప్పించి నా సొరుగులో పెట్టి తాళం వేశాం. తాళం వేసింది నేనే.

సోమవారం అర్జీల రోజు. వరండాలో నాంచారమ్మ కనిపించింది. మా వీధి చివర ఉంటుంది. మిరప గోడౌన్‌లో తొడిమలు తీసే పని. నలభై దాటినా ఒక్క రోజు పని మానగా నేను చూడలేదు. ఆ గోడౌన్‌లో డాక్టరు గారు పరీక్షల శిబిరం పెట్టినప్పుడు, సిగ్గుపడి అందరూ దాక్కుంటే మొదట వెళ్లింది ఈవిడే. ఆమె వెనకాల ఇంకో ఎనిమిది మంది వెళ్లారు. మిగతా రెండు వందల మందీ చేటలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారట.

"అన్నాయ్, నా చీటీ నీకాడ ఉందంట గదా. ఇస్తే బస్సెక్కుతా."

"నిబంధన ఒప్పుకోదమ్మా. నీలో ఉన్న ప్రొటీన్ ఇప్పుడు ప్రభుత్వ లెక్కలో ఉంది."

"నాలో ఉన్నది గవర్నమెంటుదా?" అంది నోరు తెరిచి. "మరైతే తీసుకుపోమని చెప్పు. డాక్టరమ్మ గూడా అదే గదా అంటంది, తీసెయ్యాలని!"

"తీసుకుపోతారు. దానికో పద్ధతుంది. ముందు కౌన్సెలింగ్ జరగాలి."

"నాకా?"

"నీకు కాదు. ప్రొటీన్‌కి."

నాంచారమ్మ నన్ను ఎగాదిగా చూసి, మా ఆవిడకు కబురు పెట్టనా, ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఆమె వెళ్లిపోయింది. మళ్లీ సోమవారం వచ్చింది. ఆ పై సోమవారమూ వచ్చింది. వచ్చినప్పుడల్లా వరండాలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా అందరూ తుమ్మేవాళ్లు, ఆమె చీర నిండా మిరప ఘాటు.

మే నెల రెండో వారంలో కౌన్సెలింగ్ పెట్టాం. ప్రొటీన్ హాజరు కాలేదు గనుక దాని తరఫున డాక్టరు గారిని గాజు పలకలు పట్టుకుని రమ్మన్నాం. పుచ్చుకోవడానికి అంగన్‌వాడీ సూపర్‌వైజరు భ్రమరాంబ గారు రెండు పాల క్యాన్లతో, రసీదు పుస్తకంతో దిగింది. క్యాన్లు శుభ్రంగా తోమించి తెచ్చానని ముందే చెప్పింది.

"ఎక్కడండీ ప్రొటీను?"

డాక్టరు గారు ఒక గాజు పలక తీసి వెలుతురుకు పట్టుకుంది. కందిగింజంత గోధుమరంగు మరక.

"ఇంతేనా? దీన్ని రెండు వేల మంది పిల్లలకు ఎట్లా పంచమంటారండీ?" అని భ్రమరాంబ గారు క్యాన్ లోపలికి ఒకసారి తొంగి చూసింది. "గుడ్లయితే నాకు అలవాటు. ఒకరికి ఒకటి."

"గుడ్లే ఇవ్వండమ్మా, పుణ్యముంటుంది," అంది డాక్టరు గారు.

విరూపాక్షరావు గారు పలకను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని పరిశీలించారు. "గోధుమరంగు మధ్యలో ఈ ఎర్రచుక్క ఎవరు?"

"అది ఇంకో ప్రొటీన్ సార్. కె.ఐ. అరవై ఏడు. కణం రెండుగా చీలే పనిలో ఉందని చెబుతుంది. బ్రేకూ, ఈ చీలికా ఒకే కణంలో కనిపించకూడదు. బ్రేకు పడితే చీలిక ఆగాలి కదా. రెండూ కలిసి ఉన్నాయంటే ఆ కణం అదుపు తప్పిందని నమ్మకంగా చెప్పొచ్చు. ఆ నాంచారమ్మకు రెండూ కలిసే ఉన్నాయి. అందుకే సార్ తొందరపడుతున్నాను."

"కలిసే ఉంటాయా?" విరూపాక్షరావు గారి ముఖం గంభీరమైంది. "ఒకే కణంలోనా? ఎన్నాళ్లుగా?"

"కొన్ని నెలలుగా, ఏళ్లుగా కూడా కావచ్చు."

"గురవయ్యా, రాసుకో. భార్యాభర్తల కేటగిరీ. విడదీయరాదు. ఇద్దరికీ ఒకే మండలంలో స్థానం కల్పించవలెను."

డాక్టరు గారు పలకల పెట్టె మూసేసింది. ఆ తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, చెంగుతో తుడుచుకుని, "రాయండి గురవయ్య గారూ, పెళ్లి కూడా వాళ్లిష్టప్రకారమే జరిగిందని రాయండి," అని వెళ్లిపోయింది. అది కూడా మినిట్స్‌లో రాశాను.

ఆ వారాంతానికి ఆన్‌లైన్ ఐచ్ఛికాల ఘట్టం. బదిలీ అయ్యే ఉద్యోగి ఫోన్ నంబరు ఇమ్మని పోర్టల్ అడిగింది. ప్రొటీన్‌కు ఫోన్ లేదు. అది నివసించే మనిషి నంబరు ఇచ్చాం. శనివారం పొద్దున నాంచారమ్మ పరిగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చేసింది.

"అన్నాయ్, ఇదేందో చదివి పెట్టు. నా ఫోనుకొచ్చింది."

చదివాను. 'ప్రియమైన పి పదహారు గారికి, మీరు కోరుకొనే అయిదు మండలములను ప్రాధాన్యతా క్రమములో ఎంచుకొనగలరు. గడువు మించిన యెడల మిగిలిపోయిన స్థానమే కేటాయించబడును.'

నాంచారమ్మ అరుగు మీద కూలబడింది. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆపేసింది.

"అన్నాయ్, నాకు బయమేస్తంది. మా అత్త ఇట్టానే పోయింది. అప్పట్లో ఎవురికీ తెలియలా, తెలిసేసరికి మంచం దిగలా. నాకు ముందే తెలిసింది గదా, నేను అదృష్టవంతురాల్ని అనుకున్నా. రోజూ తొడిమలు తీస్తా అనుకుంటా, లోపల అది ఇయ్యాల యెంత పెరిగిందో అని. గవర్నమెంటోళ్లు దానికి ఉత్తరాలు రాత్తన్నారు. నాకు మాత్రం ఒక్క చీటీ ఇవ్వట్లా."

నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెబుతున్నాను. ఇరవై ఆరేళ్లలో నా రాతకు సిగ్గుపడటం అదే మొదటిసారి. ఆ చీటీ నా సొరుగులో ఉంది, ఆ తాళం చెవి నా మొలతాడుకే ఉంది. తీసి ఇచ్చేయొచ్చు. ఇస్తే పెద్దాసుపత్రి వాళ్లు మా కార్యాలయం ముద్ర లేదని వెనక్కి పంపుతారు. అలా పంపాలని ఉత్తర్వు రాసింది కూడా నేనే, ఎక్కడా సందు లేకుండా రాశాను.

ఆ ఆదివారమంతా నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పద్నాలుగో నిబంధన దగ్గర కళ్లు ఆగాయి. 'బదిలీ అయిన మిగులును ప్రస్తుత స్థానము నుండి తొలగించి, విడుదల ఉత్తర్వు ఇవ్వవలెను.' గుమస్తాను అయితే హెడ్ క్లర్కు రిలీవ్ చేస్తాడు. ప్రొటీన్‌ను ప్రస్తుత స్థానం నుంచి ఎవరు తొలగిస్తారు? కత్తి చేతిలో ఉన్న డాక్టరే గదా!

సోమవారం ఫైలు పెట్టాను. నా జీవితంలో అంత మంచి నోటు మళ్లీ రాయలేదు. 'తొలగింపు అధికారి: పెద్దాసుపత్రి స్త్రీ వైద్య విభాగము. సదరు ప్రొటీన్ స్వయముగా ప్రయాణించుటకు అశక్తమైనందున, దానిని కలిగియున్న మహిళ వెంట వెళ్లవలెను. భార్యాభర్తల కేటగిరీకి చెందినవారిని ఒకే కోతలో విడుదల చేయవలెను.'

విరూపాక్షరావు గారు సందేహించారు. "ఆపరేషనంటే ధ్వంసం కిందికి రాదూ?"

"ఉత్తర్వుకు ముందు చేస్తే ధ్వంసం సార్. ఉత్తర్వు తర్వాత చేస్తే విడుదల. బదిలీ చేసి రెండు నెలలైనా రిలీవ్ చేయలేదని పైనుంచి అడిగితే..." ఇక్కడ నేను కొంచెం ఆగాను. "నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుంది సార్."

ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. అంత వేగంగా ఆయన సంతకం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

అయితే బదిలీ అన్న తర్వాత వీడ్కోలు సభ లేకపోతే ఎలా? జూన్ మూడో తారీఖున మా ఆఫీసు కింద, ఎరువుల గోడౌన్ ముందు షామియానా వేశారు. ముప్ఫై ఏడు మంది ఆడవాళ్లను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి దండలు వేసి, శాలువాలు కప్పారు. కారప్పూస, జిలేబీ పంచారు. విరూపాక్షరావు గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "పి పదహారు గారు ఈ జిల్లాలో పనిచేసిన కాలంలో ఒక్క రోజు సెలవు పెట్టి ఎరగరు. రాత్రింబగళ్లు, ఆదివారాలు సైతం అంకితభావంతో పేరుకున్నారు. వారు ఎక్కడున్నా పేరు తెచ్చుకోవాలని ఆకాంక్షిస్తున్నాను." అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది డాక్టరు ఎస్తేరు రాణి గారు. ఆ రోజు ఆవిడ ఏమంటే అది చేయడానికి సిద్ధంగా ఉంది, కొబ్బరికాయ కొట్టమంటే అదీ కొట్టింది. బస్సు కదిలింది. కిటికీలోంచి నాంచారమ్మ శాలువా ఊపింది.

పదిహేను రోజుల్లో కబుర్లు వచ్చాయి. ముప్ఫై ఆరుగురికి చిన్న కోతతో పోయింది. నాంచారమ్మ ఆ ముప్ఫై ఆరుగురిలో ఉంది. ముప్ఫై ఏడో ఆమెకు మాత్రం మెట్టు దాటిపోయిందట, పెద్ద వైద్యం మొదలుపెట్టి అక్కడే ఉంచేసుకున్నారు. ఆ రెండు నెలల్లోనే దాటిందా, ముందే దాటి ఉందా అన్నది ఎవరూ చెప్పలేరని డాక్టరు గారు అంది. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

ఇంతలో భ్రమరాంబ గారి నుంచి లేఖ వచ్చింది. బదిలీ అయిన ప్రొటీన్‌లలో ఒక్కటీ తమ మండలాల్లో చేరలేదు, క్యాన్లు తుప్పు పడుతున్నాయి, తగు చర్య నిమిత్తం అని. విరూపాక్షరావు గారు నిబంధనలు తిరగేశారు. పంతొమ్మిదోది దొరికింది. గడువులోగా కొత్త చోట చేరని యెడల పాత స్థానానికే తిప్పి పంపవలెను.

నా చేత్తోనే నోటీసులు రాయించారు. 'పెద్దాసుపత్రి వారి వద్ద నున్న సదరు ప్రొటీన్‌ను యథాస్థానమున తిరిగి స్వీకరించుటకు సిద్ధముగా ఉండవలెను.'

నోటీసు పట్టుకుని నాంచారమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు, గోడౌన్ ఆడవాళ్లు ఇరవై మంది వెంట వచ్చారు. గది నిండా ఘాటు. విరూపాక్షరావు గారు వరసగా ఆరు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుని, కూర్చోమన్నారు. ఎవరూ కూర్చోలేదు. వాళ్లందరూ నిలబడేసరికి ఆయన కూడా అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు.

"సారూ, దాన్ని మళ్లీ నాలో పెడతారంట," అంది నాంచారమ్మ.

"నిబంధన అలా ఉందమ్మా. యథాస్థానానికి..."

"నాకొద్దు. మీరందరూ దండలేసి పొగిడారు గదా, అంత మంచిదాన్ని మీలోనే చేర్చుకోండి."

"నాలోనా?" విరూపాక్షరావు గారు గాభరాగా తన బొజ్జను ఒకసారి తడుముకున్నారు. "అదెలా కుదురుతుందమ్మా? నాలో దానికి మంజూరైన పోస్టు లేదు!"

"మరి నాలో ఎవురు మంజూరు చేశారు సారూ?"

గదిలో ఎవరూ తుమ్మలేదు. విరూపాక్షరావు గారు నావైపు చూశారు. నేను నిబంధనల పుస్తకం వైపు చూశాను. మార్చి నెలలో నేనే రాసిన వాక్యం గుర్తొచ్చింది, 'మంజూరైన పరిమాణమునకు మించి.' ఎవరు మంజూరు చేశారో, ఎంత మంజూరు చేశారో ఆ ఫైలులో ఎక్కడా లేదు. ఇన్ని సంతకాల్లో ఒక్కరూ అడగలేదు. మిరపకాయల తొడిమలు తీసే మనిషి అడిగింది.

"ఫైలు మూసేయ్ గురవయ్యా," అన్నారాయన నెమ్మదిగా.

'పాత స్థానమున గాని, కొత్త స్థానమున గాని మంజూరైన పోస్టు లేనందున, సదరు ప్రొటీన్ సేవలు ఇంతటితో ముగిసినవిగా పరిగణించడమైనది' అని రాసి ఫైలు కట్టేశాను.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ అది జూన్ ఇరవై అయిదు. ఇంకో అయిదు రోజుల్లో పోర్టల్ మళ్లీ నోరు తెరుస్తుంది. పైగా పోయిన విడత పనితీరుకు మెచ్చి, ఈసారి మా జిల్లా లక్ష్యాన్ని ముప్ఫై ఏడు నుంచి డెబ్బై నాలుగు చేశారు. విరూపాక్షరావు గారు రెండు రోజులు అన్నం మానేశారు. మూడో రోజు డాక్టరు గారికి స్వయంగా ఫోను చేసి, "ఎక్కడైనా, ఎవరిలోనైనా, కాస్త ఎక్కువగా..." అని బతిమాలారు. ల్యాబుకు మందు సీసాలు కావాలని పదేళ్లుగా రాస్తున్నానంది ఆవిడ. మధ్యాహ్నానికి సీసాలు వచ్చాయి. జీపు వచ్చింది. శిబిరం పెట్టుకోవడానికి మా సమావేశ మందిరమే ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి మెట్ల మీద నిలబడటానికి చోటు లేదు. మిరప గోడౌన్ ఆడవాళ్లు, రెండు వందల మంది, వరసగా వీధి చివరిదాకా. ఎరువుల గోడౌన్ కాపలావాడు తువ్వాలు ముక్కుకు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. వరస ముందు నాంచారమ్మ ఆ వీడ్కోలు శాలువా భుజాన వేసుకుని, సిగ్గుపడి పక్కకు తప్పుకోబోయిన వాళ్లను చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెడుతోంది.

"ఏందమ్మా ఇంతమంది?" అన్నాను.

"ఎతకమను అన్నాయ్, అందర్లో ఎతకమను. ఎవురిలో ఉన్నా మాకు తెలియాలి గదా." తర్వాత నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. "దొరికితే ఆ బదిలీ కాయితం మాత్రం నువ్వే రాయి. ఈసారి రెండు నెలలు కాదు, రెండు రోజుల్లో రాయి."

నేను సొరుగు తాళం చెవి మొలతాడు నుంచి విప్పి ఆమె చేతిలో పెట్టాను. తర్వాత లోపలికి వెళ్లి, కొత్త ఫైలు తెరిచి, ఈసారి విడుదల ఉత్తర్వు ముందు రాసి, మిగులు ప్రకటన తర్వాత రాశాను.